ఓయ్ అంటే గొర్రెలు

అవెన్యూ రోడ్డులో వాన మొదలైంది.
పుస్తకాల మీద నీలం పట్టా లాగుతూ ఫయాజు
"దీని భాష ఏ దేవుడికీ తెలీదు, నీకే పనికొస్తుంది" అని
ఒక నోటుబుక్కు నా సంచిలోకి తోశాడు.
వంద అడిగి అరవైకి ఒప్పుకున్నాడు.

అట్ట లోపల పేరు: గూషు కరవేలి.
దాని కింద సిరాతో హోదా, కాన్సల్ అని.
ఇంకా కింద, పెన్సిలుతో, నలిగిపోయిన ఒకే మాట:
అర్మాన్.

సగం ఫ్రెంచి. ఆ సగం
కుక్ టౌన్ రోజలిన్ టీచరమ్మ చదివిపెట్టింది,
కళ్ళజోడు తుడిచి తుడిచి, పన్నెండు సాయంత్రాలు.
మిగతా సగం ఆయన తల్లి మాట.
దానికి ఈ ఊళ్ళో ఎవరూ లేరు.

కొండల మీద పుట్టాడనుకున్నాను. కాదు, దారిలో.
చలికి మందలు దిగేటప్పుడు
కంచరగాడిదకు ఒక పక్క బుట్టలో పసివాడు,
తూకం నిలవాలని రెండో బుట్టలో జున్ను.
"నేనెంత బరువో
మా అమ్మకు జున్నులోనే తెలుసు" అని రాసుకున్నాడు.

ఇంటి మాటకు బడి లేదు.
బడి మాటలో దెబ్బలు తిన్నాడు.
మూడో మాట మాట్లాడే దేశమొకటి
పిలిచి చదివించి, నల్లకోటు తొడిగి,
రాజముద్ర చేతికిచ్చింది.
ఆ దేశం పేరు మీద విందుల్లో లేచి గ్లాసెత్తేవాడు.
రాత్రి గదికొచ్చి
వంటమనిషి చెప్పిన దయ్యాల కథ,
గుర్రబ్బండివాడి సామెత,
చొక్కా చేతిపట్టీ మీద గీసుకున్నవన్నీ
కాగితం మీదికి దించుకునేవాడు.
చాకలి ఉతికేసిన కథలకు లెక్క ఉంది.
పదకొండు.

ఊపిరి సరిలేక ఒక వేసవి
మన కంటోన్మెంటులో ఉన్నాడు.
డాక్టరు నడవమన్నాడు,
యలహంక దారి పట్టాడు.
ఎదురుగా దుమ్ము. దుమ్ములోంచి ఒక ఆడమనిషి
"ఓయ్!" అని కేకేసింది,
దారి తప్పుకోమని.

ఆయన కదల్లేదు.
వాళ్ళ మాటలో ఓయ్ అంటే గొర్రెలు.

ఆమె వెనకాల నిజంగానే గొర్రెలు.

మూడు పేజీలు ఉరికాడు:
ఏ కాలంలో విడిపోయాం, ఏ సముద్రం దాటి వచ్చింది ఈ మాట అని.
మర్నాడు మూడింటినీ అడ్డంగా కొట్టేశాడు.
"పొరపాటు. అది ఉత్త కేక.
అయినా నిన్న తడిసిన కళ్ళు
పొరపాటున తడవలేదు."

ఆమె పేరు పిలామా అని రాశాడు.
మా అమ్మమ్మకు అమ్మ పిళ్ళమ్మ.
గొర్రెలు కాసిందనే విన్నాను.
ఆ దారిలో పదిమంది పిళ్ళమ్మలు ఉండి ఉంటారు.
నేను అటు పోను. పోనని
రోజూ చెప్పుకుంటున్నాను.

ఆమె పాడిన నాలుగు పంక్తులు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి.
పక్కన ఆయన గుర్తు: సూర్యుడికి ప్రార్థన.
పైకి చదివితే నా నోట్లో రాళ్ళు.
మా అమ్మకు తెలుగు రాయడం రాదు,
సంతకం కన్నడం.
చిక్కుడుకాయ ఈనె తీస్తూ వింది.
"ల కాదు, ళ అను. మళ్ళీ చదువు."
మళ్ళీ చదివాను.
"ఇంకోసారి, బిరబిరా."

ఒరే వంకర కొమ్మోడా
రాగిచేన్లో మూతి పెడితివా
నీ తోలు తప్పెటకు
నీ నల్లి మా పిల్లోళ్ళకు

అమ్మ చిక్కుళ్ళు కిందపడేసి నవ్వింది.
"ప్రార్థనా పాడా, పొట్టేల్ని తిట్టేది కదమ్మీ!"

పాపం గూషు.
ఆ ప్రార్థన మీద ఆయన ఎక్కడ ఉపన్యాసమిచ్చాడో,
ఎందరు గడ్డాలు నిమురుకుంటూ తలలూపారో.
తిట్టు మాత్రం భద్రంగా ఉంది.
పిళ్ళమ్మ ఎవరికిచ్చినా ఇంత కాలం దాచేవారు కాదు.

చివరి పేజీలో రెండే వాక్యాలు. టీచరమ్మ అక్కడ ఆగి చదివింది.
"అర్మాన్ అంటే మా జనం.
అర్మాన్ అంటే, మిగిలిపోయాను."

ఇవాళ ఆ దారి మీద విమానాశ్రయం బస్సులు.
హెబ్బాళం ఫ్లైఓవర్ కింద అమ్మా నేనూ, వాన, ఆటో దొరకదు.
అమ్మ అరిచింది, "ఓయ్!"

ముగ్గురు ఆటోవాళ్ళు తిరిగి చూశారు.
నేనూ తిరిగాను,
వెనక ఏమైనా వస్తున్నాయేమోనని.